కాలు ముందు, దమ్ము వెనక

నాగల్‌గిద్ద నుంచి నారాయణఖేడ్ పోయే తొవ్వలో ఎత్తు ఎక్కుతున్న సైకిల్ మనిషిని ఒక్కసారి నిదానంగా గమనించండి. వెనక క్యారియర్‌కు మూట కట్టి ఉంటుంది. ఎత్తు మొదలవగానే సీటు మీంచి లేచి, ఒళ్లు బరువంతా పెడల్ మీద వేసి తొక్కుతాడు. మొదటి పది పదిహేను తొక్కుళ్ల దాకా ఊపిరి పెద్దగా మారదు. సగం ఎత్తుకు వచ్చేసరికి దమ్ము మొదలవుతుంది. పైకి చేరి, సైకిల్ దిగి, చెట్టు నీడన నిలబడతాడు. కాళ్లు పని మానేశాయి. మనిషి మాత్రం ఇంకా రొప్పుతూనే ఉంటాడు. రెండు మూడు నిమిషాలు గడిస్తే గానీ ఊపిరి కుదుటపడదు.

కాలు ముందు కదిలింది, దమ్ము వెనక వచ్చింది. కాలు ముందు ఆగింది, దమ్ము వెనక ఆగింది. మరి దమ్ము రాకముందు కాలిని నడిపిన శక్తి ఎక్కడిది? పని ఆగిపోయాక కూడా ఒంటికి అంత గాలి దేనికి?

మా వైపు ఈ ప్రశ్నలు ఊరికే వచ్చినవి కావు. చెరుకు కొట్టే కాలం వచ్చిందంటే తండాలకు తండాలు పిల్లాజెల్లాతో బీదర్ అవతలికి, మహారాష్ట్ర దాకా వలస పోతాయి. వంగి నరకాలి, మోపు కట్టాలి, తల మీద పెట్టుకుని లారీకి ఆనించిన పలక మీదుగా పైకి ఎక్కాలి. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఇదే పని. రెక్కలు, పిక్కలు తప్ప ఇంకో ఆస్తి లేని మనుషులు వాళ్లు. ఆ పిక్క లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మనుషులకు రెండు వందల ఏళ్లు పట్టింది. అందులో అన్నిటికన్నా కీలకమైన ముడి విప్పిన ఇద్దరిలో ఒకరు తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ ముడిని విప్పింది అమెరికాలోని బోస్టన్‌లో. అందుకు దారి చూపింది, రావలసిన సమయానికి రాకుండా ఆలస్యమైన ఒక నీలం రంగు.

పారిస్‌లో ఒక పెడల్

కథ ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. గాలిలో ఆక్సిజన్ చేసే పని ఏమిటో లోకానికి స్పష్టంగా చెప్పిన శాస్త్రవేత్త ఆంత్వాన్ లావోజియే. దీపం మండటమూ, మనిషి ఊపిరి తీయడమూ ఒకే జాతి పనులని ఆయన గ్రహించాడు. రెండింటిలోనూ ఆక్సిజన్ ఖర్చవుతుంది, వేడి పుడుతుంది. 1789-90 ప్రాంతంలో ఆయన తన సహచరుడు ఆర్మాన్ సెగాన్‌ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ముఖానికి తొడుగు పెట్టి, కాలి కింద ఒక పెడల్ పెట్టి తొక్కమన్నాడు. లావోజియే భార్య మరీ ఆన్ ఆ దృశ్యాన్ని బొమ్మగా గీసిపెట్టింది. బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటున్న తనను కూడా ఆ బొమ్మలో గీసుకుంది.

పరగడుపున ఊరికే కూర్చున్నప్పుడు సెగాన్ గంటకు సుమారు 24 లీటర్ల ఆక్సిజన్ వాడాడు. పెడల్ తొక్కుతున్నప్పుడు అది 60 లీటర్లు దాటింది. కాలి పని పెరిగితే ఆక్సిజన్ వాడకం పెరుగుతుందని కొలిచి చూపిన మొదటి ప్రయోగం ఇదే. కూలివాడు రోజంతా చేసే శ్రమ అతని ఊపిరిలోనే లెక్కకు దొరుకుతుందని లావోజియేకు అర్థమైంది. ఆ పని మరింత ముందుకు సాగకుండానే, ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794 మే 8న ఆయన తల నరికారు.

తర్వాతి వందేళ్లలో కొలతలు మెరుగుపడ్డాయి. ఊపిరితిత్తులు గాలి లోపలికి తెస్తాయి, నెత్తురు మోస్తుంది. అసలు ఆక్సిజన్ ఖర్చయ్యేది మాత్రం కండరంలోనే అని తేలింది. 1911లో ఇంగ్లండ్‌కు చెందిన క్లాడ్ డగ్లస్, వదిలిన ఊపిరిని పట్టి ఉంచే పెద్ద సంచి ఒకటి తయారుచేశాడు. దాన్ని వీపుకు తగిలించుకుని నడవవచ్చు, పరుగెత్తవచ్చు. 1913లో డెన్మార్క్‌లో ఆగస్ట్ క్రో, యోహానెస్ లిండార్డ్ సైకిల్ మీద మనుషులను తొక్కించి, పని మొదలైన తొలి క్షణాల నుంచి ఊపిరిలో, నెత్తురు ప్రవాహంలో వచ్చే మార్పులను పరిశీలించారు.

బాకీ లెక్క

ఆక్సిజన్ వెనకపడటాన్ని లెక్కగా మార్చినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్. స్వయంగా మంచి పరుగు మనిషి. 1920ల మొదట్లో మాంచెస్టర్‌లో హార్ట్లీ లప్టన్ వంటి సహచరులతో కలిసి, వీపున డగ్లస్ సంచి కట్టుకుని గడ్డి బాట మీద చుట్లు కొట్టాడు. కొన్ని సంగతులు బయటపడ్డాయి. నిలకడగా పరుగెత్తితే ఆక్సిజన్ వాడకం మెల్లగా పెరిగి, ఒక మట్టం దగ్గర స్థిరపడుతుంది. వేగం పెంచుకుంటూ పోతే ఒక హద్దు వస్తుంది. దాన్ని దాటి ఎంత గట్టిగా పరుగెత్తినా ఆక్సిజన్ వాడకం ఇక పెరగదు. ఈనాడు క్రీడాకారుల సత్తువను కొలిచేది ఆ హద్దుతోనే. పరుగు ఆగాక కూడా కాసేపు అదనంగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఈ చివరి దానికి హిల్ పెట్టిన పేరు ఆక్సిజన్ బాకీ. పని మొదట్లో చెల్లించకుండా వాడుకున్నదాన్ని పని అయ్యాక తీరుస్తున్నామని ఆయన మాట.

పేరు సరిగ్గా కుదిరింది. బాకీ అన్నాక ఇచ్చినవాడు ఒకడు ఉండాలి కదా, వాడెవడు? హిల్ జవాబు లాక్టిక్ ఆమ్లం. కప్ప కాలి కండరం ఆక్సిజన్ లేకుండా పనిచేస్తే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని, ఆక్సిజన్ అందిస్తే తగ్గుతుందని 1907లోనే ఫ్లెచర్, హాప్కిన్స్ చూపారు. జర్మనీలో ఆటో మేయర్‌హాఫ్, కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారే లెక్కలు కట్టాడు. ఆ ఆమ్లం పుట్టడం వల్లే కండరం ముడుచుకుంటుందని, తర్వాత వచ్చే ఆక్సిజన్ దాన్ని తుడిచిపెడుతుందని అప్పటి సిద్ధాంతం. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతిని హిల్, మేయర్‌హాఫ్ పంచుకున్నారు. ప్రపంచం ఆ జవాబుతో తృప్తిపడింది.

అదే 1922 అక్టోబరులో, చేతిలో డబ్బు పెద్దగా లేని ఒక తెలుగు వైద్యుడు బోస్టన్‌లో దిగాడు.

ఆలస్యంగా వచ్చిన నీలం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరుతోనే వెళ్లాడు. అది తెల్ల ప్రొఫెసర్‌కు గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములను కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు మూలం తెలుసుకోవాలన్న పట్టుదలతో, మామగారి సాయంతో, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లాడు. మళ్లీ తిరిగి రాలేదు. కన్నకొడుకును కళ్లతో చూడలేదు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆస్పత్రిలో కూలి పని చేశాడు. తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. అక్కడ ఆయనకు అప్పగించిన పని, నెత్తుటిలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో సులువుగా కొలిచే పద్ధతి ఒకటి కనిపెట్టడం.

1925లో ఆ పద్ధతి అచ్చయింది. ద్రావణంలో ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ కలపాలి. ఫాస్ఫేట్ ఉంటే దానితో కూడుతుంది. ఆ తర్వాత ఇంకో రసాయనం కొద్దిగా వేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. రంగు నిమిషాల్లో తేలిపోతుంది. పక్కన తెలిసిన మోతాదు సీసా పెట్టి పోల్చుకుంటే లెక్క చేతికి వస్తుంది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరుపడిన ఈ కొలత ఎన్నో దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిత్యకృత్యమైంది. మన వైద్య కళాశాలల విద్యార్థులు కూడా జీవరసాయన తరగతిలో దాన్ని నేర్చుకున్నారు.

అదే పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రావణం మీద ప్రయోగించినప్పుడు ఒక తేడా వచ్చింది. పోలిక సీసాలో నీలం ఎప్పటిలాగే త్వరగా తేలింది. కండరం సీసాలో మాత్రం కొంచెం లేతగా మొదలై, ఇంకా ఇంకా చిక్కబడుతూ పోయింది. తొందరపడి చూస్తే ఒక లెక్క, ఆగి చూస్తే ఇంకో లెక్క. పద్ధతిలోనే లోపముందని పక్కన పెట్టవచ్చు, రంగు నిలిచాకే లెక్క రాసుకుని సరిపెట్టుకోనూ వచ్చు. ఫిస్కే, సుబ్బారావు ఆ రెండు పనులూ చేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడ్డారు.

జవాబు ఇదీ. కండరంలో ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టుకోలేని పదార్థం ఒకటి ఉంది. సీసాలోని ఆమ్లం తగలగానే అది మెల్లమెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది. అలా వదిలిన కొద్దీ నీలం చిక్కబడుతోంది. అంతకుముందు శాస్త్రవేత్తలంతా ఆ ఫాస్ఫేట్‌ను కండరంలో మొదటి నుంచీ విడిగా ఉన్నదే అనుకున్నారు. నిజానికి అది క్రియాటిన్ అనే పదార్థంతో ఒకటికి ఒకటి చొప్పున జతకట్టి ఉంది. ఆ జత పేరు ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరానికి విద్యుత్తు తగిలించి పనిచేయిస్తే ఆ జత విడిపోయింది. కండరానికి విశ్రాంతినిస్తే మళ్లీ కలిసింది. 1927 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితం వెలువడింది.

అదే ఏడాది లండన్‌లో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా కప్ప పిక్క కండరంలో ఇలాంటి అస్థిర ఫాస్ఫేట్‌ను పట్టుకున్నారు. అది క్రియాటిన్‌తో కూడినదని తేల్చింది మాత్రం బోస్టన్ జంట. 1929లో అదే జంట కండరం నుంచి ఏటీపీని కూడా వేరుచేసింది. అదే సంవత్సరం జర్మనీలో, మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోనే పనిచేసే కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. జీవకణాలన్నింటిలో చెల్లే శక్తి నాణెం ఏటీపీయే అని ఇవాళ పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. దాన్ని మొదట చూసిన కళ్లలో ఒక జత తెలుగువాడివని ఆ పిల్లల్లో ఎందరికి తెలుసు?

తలకిందులైన సిద్ధాంతం

1930లో డెన్మార్క్‌కు చెందిన ఐనార్ లున్స్‌గార్డ్ ఒక విషం సాయంతో కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపాడు. పాత సిద్ధాంతం నిజమైతే ఆ కండరం కదలకూడదు. కదిలింది. లాక్టిక్ ఆమ్లం చుక్క లేకుండానే ముడుచుకుంది, సాగింది. అలా పనిచేస్తున్నంతసేపూ ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతూ వచ్చింది. అది అయిపోయాక కండరం బిర్రబిగుసుకుపోయింది.

హిల్ పెద్ద మనసున్న శాస్త్రవేత్త. తనకు నోబెల్ తెచ్చిన సిద్ధాంతం కూలుతుంటే దాన్ని పట్టుకుని వేలాడలేదు. 1932లో ‘కండర శాస్త్రంలో విప్లవం’ అన్న శీర్షికతో వ్యాసం రాసి కొత్త సత్యాన్ని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లోనే, అలసట మీద పరిశోధనకు పెట్టిన మరో ప్రయోగశాలలో, మార్గారియా, ఎడ్వర్డ్స్, డిల్ మనుషులను పరుగెత్తించి చూశారు. ఓ మాదిరి శ్రమలో లాక్టిక్ ఆమ్లం పెరగకుండానే ఆక్సిజన్ బాకీ పడుతోంది. ఆ బాకీ ఫాస్ఫోక్రియాటిన్‌దే అయి ఉండాలన్నారు. 1934లో లోమాన్, ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఇచ్చి ఏటీపీని తిరిగి నిలబెడుతుందని చూపాడు.

దీన్ని ఇంటి లెక్కలో చెప్పుకుందాం. ఏటీపీ జేబులోని చిల్లర. కండరం ఖర్చుపెట్టగలిగేది అదొక్కటే. గట్టిగా పరుగెత్తితే ఆ చిల్లర రెండు మూడు సెకన్లకు మించి రాదు. ఫాస్ఫోక్రియాటిన్ పక్కింటి చేబదులు. అడిగిన క్షణంలో దొరుకుతుంది, కానీ పది సెకన్ల గట్టి శ్రమకే చాలావరకు హరించుకుపోతుంది. కణాల లోపల ఆక్సిజన్‌తో నడిచే మైటోకాండ్రియాలది అసలు సంపాదన. రోజంతా సాగుతుంది, అయితే అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. సైకిల్ మనిషి మొదటి తొక్కుళ్లు చేబదులుతో సాగాయి. చెట్టు కింద రొప్పింది ఆ బాకీ తీర్చడానికి. గట్టి శ్రమలో లాక్టిక్ ఆమ్లం దారిలో కూడా కొంత శక్తి వస్తుంది. హిల్ చూసింది అబద్ధం కాదు, అది లెక్కలో ఒక పద్దు మాత్రమే.

మరి బాకీ పడిన సంగతి మైటోకాండ్రియాకు ఎవరు చెబుతారు? ఏటీపీ ఖర్చయితే మిగిలే ఏడీపీయే ఆ వార్త మోస్తుంది. ఏడీపీ పెరిగితే ఆక్సిజన్ వాడకం పెరుగుతుందని 1955లో బ్రిటన్ ఛాన్స్, విలియమ్స్ చూపారు. కండరం ఎంత పనిచేస్తే అంత ఆక్సిజన్ అడగడం వెనక ఉన్న పద్ధతి ఇదే.

మనిషి కాలి లోపలికి

కండరం లోపలి సంగతంతా కప్పల్లో, పిల్లుల్లో చూసింది. మనిషి కాలిలో చూడటం ఎలా? 1960లలో స్వీడన్ వైద్యుడు జొనాస్ బెర్గ్‌స్ట్రోమ్ తొడ కండరంలోకి సూది దింపి ఆవగింజంత ముక్క తీసే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఆయనా, ఎరిక్ హల్ట్‌మన్ కలిసి ఒకే వ్యాయామ సైకిల్‌కు చెరో పక్క కూర్చుని, ఒక్కో కాలితో తొక్కారు. తొక్కిన కాలినీ, ఊరికే ఉన్న కాలినీ పోల్చడానికి తమ తొడలనే సూదికి అప్పగించారు. పనిచేసిన కాలిలోనే గ్లైకోజెన్ తరిగింది. తర్వాత తిండి తింటే ఆ కాలిలోనే మామూలు మట్టాన్ని దాటి నిండింది. ఆ సూదితోనే 1967లో హల్ట్‌మన్ బృందం, మనిషి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ శ్రమతో తరిగి విశ్రాంతితో నిండటాన్ని చూసింది.

1985లో కోపెన్‌హేగన్‌లో పెర్ ఆండర్సన్, బెంగ్ట్ సాల్టిన్ ఒక్క తొడ ముందు కండరాన్ని మాత్రమే పనిచేయించి కొలిచారు. కిలో కండరానికి నిమిషానికి రెండు లీటర్లకు పైగా నెత్తురు పారింది. ఒంట్లోని కండరాలన్నీ ఒకేసారి అంత అడిగితే ఏ గుండే ఇవ్వలేదు. హిల్ చూసిన ఆ హద్దుకు ఒక ముఖ్య కారణం ఇక్కడ దొరికింది.

బరువు పని చాలాసేపు చేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. పెడల్ బరువు మారకపోయినా ఆక్సిజన్ వాడకం మెల్లగా పైకి పాకుతుంది. 1991లో డేవిడ్ పూల్ బృందం కాలి నెత్తుటినీ ఊపిరినీ ఒకేసారి కొలిచి, ఆ అదనపు వాడకంలో 80 శాతానికి పైగా కాళ్లలోనే జరుగుతోందని చూపింది. మొదట పనిలోకి దిగిన కండర పోగులు అలసిపోవడం, సాయానికి కొత్త పోగులు దిగడం దీనికి కారణాలని చాలామంది పరిశోధకులు భావిస్తారు. మధ్యాహ్నం దాటాక అదే మోపు పొద్దుటికన్నా బరువనిపిస్తుందని చెరుకు కొట్టే మనిషి అంటే, ఆ మాట ఒట్టి నిట్టూర్పు కాదు.

చివరి ముడి 1999లో విడింది. హ్యారీ రోసిటర్ బృందం మనుషులను పెద్ద అయస్కాంత యంత్రంలో బోర్లా పడుకోబెట్టి మోకాళ్లు ఆడించమంది. సూది లేదు, కోత లేదు. తొడ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ తరగడాన్ని యంత్రం కొలుస్తుంటే, అదే సమయంలో ఊపిరిలో ఆక్సిజన్‌ను కొలిచారు. ఓ మాదిరి శ్రమలో రెండు గీతలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా నడిచాయి. ఒకటి ఎంత వేగంతో తగ్గిందో రెండోది దాదాపు అంతే వేగంతో పెరిగింది. రెండింటికీ పట్టిన కాలం అర నిమిషం లెక్కన తూగింది. బోస్టన్ సీసాలో నీలం రంగు దాచిన సంగతి, 72 ఏళ్ల తర్వాత, బతికి ఉన్న మనిషి కాలిలో, ఊపిరి పక్కనే కనిపించింది.

మనం చేయవలసింది

దాన్ని చూడటానికి సుబ్బారావు లేడు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత లెడర్లీ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, కాన్సర్‌కు తొలి మందులు తయారైన పరిశోధనలకు నాయకత్వం వహించాడు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. ఆ గౌరవం చాలదని నా అభిప్రాయం. తనకు నచ్చిన లెక్క రాసుకుని లేచిపోకుండా, రంగు ఎందుకు ఆలస్యమైందని ఆగి అడిగిన ఆ గుణాన్ని మన తరగతి గదుల్లోకి తేవాలి.

నాగల్‌గిద్ద మండలంలోని సైన్సు ఉపాధ్యాయులకు నాదొక మనవి. పిల్లవాడొకణ్ని బడి మెట్లు రెండు నిమిషాలు ఎక్కి దిగమనండి. పక్కవాడు గడియారం పట్టుకుని, ప్రతి పదిహేను సెకన్లకూ ఎన్నిసార్లు ఊపిరి తీశాడో రాసుకోవాలి. ఆగిన తర్వాత కూడా మూడు నిమిషాలు రాయాలి. ఆ అంకెలతో బోర్డు మీద గీత గీయండి. ఎక్కేటప్పుడు మెల్లగా లేచి, ఆగాక మెల్లగా దిగే గీత వస్తుంది. ఊపిరి లెక్కకూ ఆక్సిజన్ లెక్కకూ తేడా ఉంది, అయినా దమ్ము వెనకపడటం పిల్లల కళ్లకు కడుతుంది. ఎందుకు వెనకపడిందని వాళ్లనే అడగండి. వాళ్లు జవాబు వెతికాక భీమవరం సుబ్బారావు పేరు చెప్పండి. ఖర్చు లేని ప్రయోగం ఇది, ఈ వారమే చేయవచ్చు.